అడగండి, చెబుతాం: కోప్లండ్ జానపద బాణీ

ఈ నెల శీర్షికంతా ఒకే సంగీతకారుడికి ఇస్తున్నాం. అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లండ్ (1900–1990) తన దేశపు జానపద బాణీల ఆధారంగా రాసిన బ్యాలే, ఆర్కెస్ట్రా సంగీతం గురించి బరంపురం మొదలుకొని కోరాపుట్ దాకా పాఠకులు ప్రశ్నలు పంపారు. ఒకే తీరువి కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కర్ణాటక కచేరీలు, సినిమా పాటలు తప్ప ఆర్కెస్ట్రా సంగీతం అలవాటు లేదు. కోప్లండ్‌ని ఏ రచనతో మొదలుపెట్టాలి? ‘అపలేచియన్ స్ప్రింగ్’ ఫోన్‌లో పెడితే మొదట్లో అసలేమీ వినబడలేదు. (గృహిణి, బరంపురం)

జవాబు: ‘రోడియో’ బ్యాలేలోని ‘హో-డౌన్’తో మొదలుపెట్టండి. మూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. ఫిడేలు పాట, గుర్రపు నడకలాంటి తాళం వెంటనే చెవిన పడతాయి. తర్వాత ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్’ (1942) వినండి. అదీ మూడు నిమిషాలే. అందులో తీగ వాద్యం ఒక్కటీ లేదు, ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, గాంగ్ మాత్రమే. ముందు డ్రమ్ముల దెబ్బ, ఆ తర్వాత ట్రంపెట్లు ఒకే వరసలో, పిదప హార్న్‌లు, ఆఖరున ట్రాంబోన్లు, ట్యూబా. ఎవరు ఎప్పుడు వచ్చి కలిశారో గుర్తుపడుతూ రెండుసార్లు వింటే ఆర్కెస్ట్రాలో వాద్యాలను విడదీసి వినడం సగం అలవాటైపోతుంది. మూడోది ‘బిల్లీ ది కిడ్’ సూట్ (బ్యాలే సంగీతంలోంచి ఏరి కచేరీ కోసం కూర్చిన రూపం), 20 నిమిషాలు. ‘అపలేచియన్ స్ప్రింగ్’ సూట్ సుమారు 25 నిమిషాలు, దాన్ని చివరికి ఉంచుకోండి.

ఇక వినబడకపోవడం సంగతి. ‘అపలేచియన్ స్ప్రింగ్’ మొదటి నిమిషాలు చాలా సన్నగా, తక్కువ శబ్దంతో రాసినవి. ఫోన్ స్పీకరు ఆ సన్నని ధ్వనినీ పట్టుకోలేదు, ఫ్యాన్‌ఫేర్‌లోని పెద్ద డ్రమ్మునీ పలికించలేదు. వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. యాప్‌లో ‘బాస్ బూస్ట్’, శబ్దాన్ని దానంతటదే సమం చేసే సెట్టింగ్, రెండూ ఆపేయండి. ఆ సమం చేసే సెట్టింగ్ ఉంటే మెల్లని చోటు, గట్టి చోటు ఒక్కలాగే వినిపిస్తాయి. ఈ సంగీతానికి అంతకన్నా పెద్ద నష్టం లేదు. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున వినగలిగితే మరీ మంచిది.

ప్రశ్న: ఆయన న్యూయార్క్ పట్టణవాసి అని చదివాను. మరి పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ సంగీతం ఆయనకెలా వచ్చింది? ఇది నిజమైన జానపదమేనా? (ఉపాధ్యాయుడు, రాయగడ)

జవాబు: కోప్లండ్ పుట్టింది బ్రూక్లిన్‌లో. తల్లిదండ్రులు లిథువేనియా మూలాలున్న యూదులు, దుకాణం నడిపేవారు. 1921 నుంచి 1924 దాకా ఫ్రాన్స్‌లో సంగీత గురువు నాదియా బులాంజే దగ్గర చదువుకున్నాడు. ‘బిల్లీ ది కిడ్’ రాయమని అడిగింది బ్యాలే బృందం నడిపిన లింకన్ కర్‌స్టైన్. కౌబాయ్ పాటల పుస్తకాలు కూడా ఆయనే చేతికిచ్చాడు. ఆ బ్యాలేలో చాలా భాగాన్ని కోప్లండ్ 1938 వేసవిలో పారిస్‌లో కూర్చుని రాశాడు! అదే ఏడాది అక్టోబరులో షికాగోలో తొలి ప్రదర్శన, అదీ ఆర్కెస్ట్రా లేకుండా రెండు పియానోలతో జరిగింది.

కాబట్టి ఇది జానపదం కాదు, జానపదాన్ని వాడుకున్న రచన. ఆ తేడా మీరు గట్టిగా పట్టుకోవాలని మా కోరిక. ‘బిల్లీ’లో ‘గ్రేట్ గ్రాండ్‌డాడ్’, ‘గుడ్‌బై ఓల్డ్ పెయింట్’ లాంటి అసలు పాటలున్నాయి. కానీ ఏ పాటనూ ఆయన మొత్తంగా ఉన్నదున్నట్టు పాడించడు. ఒక చరణాన్ని విరుస్తాడు, మధ్యలో ఒక మాత్ర తగ్గిస్తాడు, మనం ఎదురుచూసే చోట మౌనం పెడతాడు. ‘రోడియో’ మొదటి భాగం ‘బకరూ హాలిడే’లో ట్రాంబోన్ పాట అందుకునే చోటు వినండి. పాట మాటిమాటికీ ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. పాట వెనక మనిషి నడక కనబడేది ఆ ఆగిన చోట్లలోనే.

ప్రశ్న: ఆయన సంగీతం వింటే మైదానంలో నిలబడ్డట్టు, అంతా ఖాళీగా, విశాలంగా అనిపిస్తుంది. స్వరాల్లో ఏం చేసి ఆ భావం తెస్తాడు? నా దగ్గర కీబోర్డు, హార్మోనియం ఉన్నాయి. (డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

జవాబు: మంచి ప్రశ్న. దీన్ని మాటలతో కాదు, మెట్ల మీద వేళ్లు పెట్టే చూడాలి. కీబోర్డులో రిథమ్, ఆటో కార్డ్ రెండూ ఆపి, ‘పియానో’ లేదా ‘స్ట్రింగ్స్’ ధ్వని పెట్టుకోండి. ఒకటో కట్టెను షడ్జంగా తీసుకుందాం.

ముందు మామూలు పద్ధతి. స, గ, ప మూడూ పక్కపక్కనే ఒకే చేత్తో నొక్కండి. నిండుగా, కొంచెం తీపిగా ఉంటుంది. ఇప్పుడు గాంధారం తీసేయండి. ఎడమ చేత్తో మంద్ర స, ప పట్టి, కుడి చేత్తో తార స్థాయిలో అవే స, ప నొక్కండి. మధ్య స్థాయి మొత్తం ఖాళీ. మీరు చెప్పిన మైదానం అక్కడే పుడుతుంది. ‘బిల్లీ ది కిడ్’ ఆరంభంలోని ‘ఓపెన్ ప్రెయిరీ’ ఇలాంటి ఖాళీ పంచమాలతోనే కట్టినది. ఆ స–ప జంటను విడదీయకుండా ఒక్కో స్వరం పైకీ కిందికీ జరపండి: స–ప, రి–ధ, మళ్లీ స–ప. రెండు స్వరాలూ కలిసే కదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే ఆ గుణం పోతుంది.

రెండో ప్రయోగం ‘అపలేచియన్ స్ప్రింగ్’ ఆరంభం గురించి. ఎడమ చేత్తో స–గ–ప నొక్కి ఉంచండి. దాని పైన కుడి చేత్తో ప–ని–రి మెల్లగా చేర్చండి. నిషాదం శంకరాభరణంలోది, రిషభం పై స్థాయిది. రెండు వేర్వేరు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి కదా, అయినా కీచులాట లేదు. పంచమం రెండింటికీ ఉమ్మడి కావడమే కారణం. కోప్లండ్ స్వరలిపిలో ఇవి A మేజర్, E మేజర్ కార్డులు. వీటిని ఆయన ఒక్కసారిగా మోగించడు, ఒక్కో వాద్యం ఒక్కో స్వరాన్ని వదిలివెళుతుంది. మీరు కూడా స్వరానికీ స్వరానికీ మధ్య ఒక నిండు శ్వాస వ్యవధి ఇవ్వండి.

ఎక్కడ చెడుతుందంటే: ఎడమ చేతి కార్డును మరీ కింది స్థాయిలో పడితే, గాంధారం దగ్గర గరగరమని మట్టి కలిపినట్టు మోగుతుంది. మంద్రంలో స–ప చాలు, గాంధారం మధ్య స్థాయిలోకి రానివ్వండి. హార్మోనియంలో బెల్లో ఒత్తిడి మారితే రెండు కార్డులు సమంగా నిలవవు, గాలి నింపుకున్నాకే నొక్కాలి.

ప్రశ్న: కోప్లండ్ సినిమాలకు కూడా చేశాడా? (ఛత్రపురం)

జవాబు: చేశాడు. 1949లో వచ్చిన ‘ది ఎయిరెస్’ సంగీతానికి ఆస్కార్ అందుకున్నాడు.

ప్రశ్న: ‘అపలేచియన్ స్ప్రింగ్’ వింటుంటే మహేంద్రగిరి మీద పొగమంచు విడిపోతున్నట్టే ఉంటుంది. ఆయన ఆ కొండలు చూసి రాశాడా? రెండు రకాల రికార్డింగులు కనిపించాయి, ఏది అసలుది? (పర్లాకిమిడి)

జవాబు: కొండలు చూసి రాయలేదు. రాసేటప్పుడు ఆయన దగ్గరున్న పేరు ‘బ్యాలే ఫర్ మార్తా’ మాత్రమే, అంటే నర్తకి మార్తా గ్రాహమ్ కోసం అని. ఇప్పుడున్న పేరు హార్ట్ క్రేన్ కవితలోంచి గ్రాహమ్ తీసుకుని, ప్రదర్శనకు కొద్ది ముందు పెట్టింది. అప్పటికే సంగీతం పూర్తయింది. కథ పెన్సిల్వేనియాలో ఒక కొత్త ఇల్లు, కొత్త దంపతులు, ఒక మతబోధకుడు, అతని నలుగురు అనుచరులు, అనుభవమున్న ఒక పెద్దావిడ, అంతే. అయినా మీకు మహేంద్రగిరి కనబడటంలో తప్పేమీ లేదు. ఇంతకుముందు గుణుపురం విద్యార్థికి చెప్పిన ఆ పొరలు పొరలుగా తెరుచుకునే స్వరాలే దానికి కారణం.

రికార్డింగుల విషయం: 1944 అక్టోబరు 30న వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లోపలి కూలిడ్జ్ ఆడిటోరియంలో తొలిసారి ఆడారు. స్థలం చిన్నది కనుక 13 వాద్యాలకే రాశాడు: ఫ్లూటు, క్లారినెట్, బసూన్, పియానో, 4 వయొలిన్లు, 2 వియోలాలు, 2 చెల్లోలు, 1 డబుల్ బేస్. 1945లో కొన్ని భాగాలు తగ్గించి పెద్ద ఆర్కెస్ట్రాకు సూట్‌గా మార్చాడు. ఆ ఏడాదే ఈ రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అసలుది కావాలంటే 13 వాద్యాల పూర్తి బ్యాలే వినండి. మా ఇష్టం కూడా అదే. అందులో ఒక్కో వయొలిన్ విల్లు రాపిడి వినబడుతుంది, పియానో పదును తెలుస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఆ పదును కొంత మెత్తబడుతుంది.

ఏది విన్నా, చివరి మూడో వంతులో క్లారినెట్ ఒంటరిగా ఒక పాట ఎత్తుకునే చోటు దాటిపోనివ్వకండి. ఆ పాట ‘సింపుల్ గిఫ్ట్స్’. షేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన జోసెఫ్ బ్రాకెట్ 1848లో కట్టినది. మంద్ర పంచమంలో మొదలై షడ్జం మీదికి వచ్చి, మధ్య పంచమం దాకా ఎక్కుతుంది. మొత్తం పాట ఒక్క స్థాయి వెడల్పులో ఇమిడిపోతుంది. కోప్లండ్ దాన్ని ఐదుసార్లు మారుస్తాడు. ఒకసారి సగం వేగంతో లోతైన తీగల్లో నడిపిస్తాడు, పెద్ద ఆర్కెస్ట్రా సూట్‌లో అయితే ఒకసారి ట్రంపెట్లకు ఇచ్చి వయొలిన్ల చేత కింద పరుగులు తీయిస్తాడు, చివరిసారి ఆర్కెస్ట్రా మొత్తం తాపీగా, నిండుగా పలుకుతుంది. పాట స్వరాలు మారవు, మారేది చుట్టూ ఉన్నదంతా.

ప్రశ్న: ఐదేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. ‘హో-డౌన్’ పాట వాయించాలంటే ఏం మార్చుకోవాలి? (వయొలిన్ విద్యార్థిని, బరంపురం)

జవాబు: అందులో ముఖ్యమైన పాట ‘బోనపార్ట్స్ రిట్రీట్’. కెంటకీ రాష్ట్రపు ఫిడేలు విద్వాంసుడు విలియం స్టెప్ వాయిస్తుండగా 1937లో జానపద పాటల సేకర్త ఆలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. దాన్ని విని స్వరకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వరలిపి రాసింది. ఆ స్వరలిపి 1941లో అచ్చయింది, కోప్లండ్ తీసుకున్నది దాన్నే. నెమ్మదైన కవాతు పాటను స్టెప్ నృత్యపు వేగానికి తెచ్చాడు. ఆ ఊపు ఆయనది. ‘హో-డౌన్’ విన్న ప్రతి ఒక్కరూ స్టెప్ రికార్డింగును కూడా వెతికి వినాలి.

మీ అభ్యాసానికి వద్దాం. ఆర్కెస్ట్రా రచన డి మేజర్‌లో ఉంది, అంటే రెండు కట్టె శ్రుతి, శంకరాభరణ స్వరాలు. ఈ పాటకు అక్కడి ఫిడ్లర్లు సంప్రదాయంగా తీగలను స–స–ప–స వరసలో శ్రుతి చేసుకుంటారు. మీ స–ప–స–ప దానికి దూరమేమీ కాదు. పాట వాయిస్తున్న తీగ పక్కనున్న ఖాళీ తీగను కూడా విల్లుతో తాకుతూ ఉంటే తంబూరాలా ఆధారం మోగుతుంది. వయొలిన్ సాధారణంగా అంతకన్నా ఎక్కువ శ్రుతిలో పెట్టుకునేవారు తీగల్ని ఒక్కసారిగా రెండు కట్టెకు దించకండి. తీగ సడలి ధ్వని చచ్చిపోతుంది. మీ శ్రుతిలోనే నేర్చుకోండి, రికార్డుతో కలిపి వాయించాల్సి వచ్చినప్పుడు మరో వయొలిన్ వాడండి.

అసలు కష్టం విల్లు దగ్గర. మనం ఒక విల్లు లాగులో నాలుగైదు స్వరాలు, గమకాలు కలిపి పలికిస్తాం. ఇక్కడ చాలా స్వరాలకు విడివిడి విల్లు. విల్లు మధ్య భాగంలో నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే వాడండి. భుజం కాదు, మణికట్టు, ముంజేయి కదలాలి. కింద కూర్చుని వాయించినా ఇది సాధ్యమే. ముందు ఖాళీ తీగ మీద ఒక పొడవు, రెండు పొట్టి: ‘తా–కిట, తా–కిట’ అని నిమిషానికి 60 వేగంతో పది నిమిషాలు చేయండి. పొట్టి స్వరాలు రెండూ సమంగా వచ్చాకే వేగాన్ని 4 చొప్పున పెంచండి. సాధారణంగా జరిగే పొరపాటు, గాంధార నిషాదాల మీద అలవాటుగా గమకం పడిపోవడం. ఈ పాటలో స్వరం నిటారుగా నిలబడాలి. రెండోది, వేగం పెరిగిన కొద్దీ విల్లు పొడవు కూడా పెరగడం. అప్పుడు తీగ అరుస్తుంది, చెయ్యి నొప్పెడుతుంది.

కోప్లండ్ స్వయంగా ‘హో-డౌన్’ను వయొలిన్, పియానోలకు కూడా రాశాడు. స్వరలిపి చదవగలిగితే అది కొనుక్కోండి. ఆర్కెస్ట్రా పార్టులకన్నా మీకు అదే పనికొస్తుంది.

ప్రశ్న: మా స్కూలు వార్షికోత్సవంలో 16 మంది పిల్లలతో ‘హో-డౌన్’కి డాన్స్ చేయించాలనుకుంటున్నాం. లెక్క ఎక్కడా కుదరడం లేదు. కాపీరైట్ ఇబ్బంది ఉంటుందా? (డాన్స్ టీచర్, రాయగడ)

జవాబు: లెక్క తప్పే చోట్లు మూడు. మొదట్లో ఫిడేళ్లు శ్రుతి చేసుకుంటున్నట్టు గోలగా ఉండే భాగం వస్తుంది, అక్కడ అడుగులు పెట్టించకండి, పిల్లల్ని స్థానాల్లోకి పరిగెత్తించడానికి వాడుకోండి. ఆ వెంటనే పియానో, తీగలు, చెక్క దిమ్మెల వాద్యం కలిసి ‘టక్–టక్’మనే భాగం వస్తుంది. అక్కడ దెబ్బలు ఒక్కోసారి తాళం మీద, ఒక్కోసారి దాని మధ్యలో పడతాయి. పిల్లలు వినబడిన ప్రతి దెబ్బకూ అడుగు వేస్తే గల్లంతే. మీరు పక్కనుంచి డప్పుతో రెండు మాత్రల తాళం నిలకడగా కొడుతూ వారం రోజులు సాధన చేయించి, తర్వాత డప్పు తీసేయండి. మూడోది, మధ్య భాగం చివర సంగీతం క్రమంగా నెమ్మదిస్తూ దాదాపు ఆగిపోతుంది. అక్కడ ఎనిమిది లెక్క పనికిరాదు. అందరూ ఒక పిల్ల చెయ్యి చూసి కదలాలి. ఫిడేలు పాట మళ్లీ విరుచుకుపడే క్షణానికి గుర్తు ఆ చెయ్యి దించడమే. ఆఖరున మూడు పెద్ద దెబ్బలు, వాటికి మూడు భంగిమలు.

కండక్టర్‌ని బట్టి వేగం మారుతుంది. సాధన మొదలైన రోజున వాడిన రికార్డింగునే పెన్‌డ్రైవ్‌లో పెట్టి సౌండ్ అబ్బాయికి ఇవ్వండి, అదే పేరుతో నెట్‌లో దొరికిన మరొకటి కాదు.

కాపీరైట్: ఈ రచనకు హక్కుల గడువు ఇంకా తీరలేదు. అయితే మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది చేసే ప్రదర్శనకు, ప్రేక్షకులు కూడా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో నేరుగా సంబంధం ఉన్నవారే అయినప్పుడు మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే లైసెన్సు కావాలి. వీడియో యూట్యూబ్‌లో పెడితే ఈ మినహాయింపు వర్తించదు. రికార్డింగు హక్కుదారులు శబ్దం తీసేయించవచ్చు. ‘సింపుల్ గిఫ్ట్స్’ అసలు పాటకు మాత్రం ఏ హక్కూ లేదు, పిల్లలచేతే వాయింపించి పెట్టుకోండి.

ప్రశ్న: కోప్లండ్ పద్ధతిలో మన ధింసా నృత్యపు బాణీతో స్కూలు వాద్యబృందానికి ఒక రచన చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? (సంగీతం టీచర్, కోరాపుట్)

జవాబు: చేయండి. ఇక్కడ అవసరమైన పని ఇదే. ముందు ధింసా వాయించే కళాకారుల దగ్గరికి వెళ్లి, వారి అనుమతితో ఒక బాణీని కనీసం మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసుకోండి. మూడింటిలో ఒకేలా ఉన్నది అస్థిపంజరం, మారినది వాద్యకారుడి సొంతం. రెండూ వేర్వేరు గీతల్లో రాసుకోండి. ఫోన్‌ను డప్పుకు 10 అడుగుల దూరంలో, మోరీకి (ధింసాలో పాట పలికే ఊదే వాద్యం) దగ్గరగా పెట్టండి, లేదంటే పాట డప్పులో మునిగిపోతుంది.

తర్వాత శ్రుతి. మోరీ శ్రుతి కీబోర్డు మెట్టుకు సరిగ్గా కూర్చోదు. ట్యూనర్ యాప్‌తో దాని ఆధార స్వరం చూసి, కీబోర్డులో ట్రాన్స్‌పోజ్, ఫైన్ ట్యూన్ రెండూ దానికి సరిచేయండి. వయొలిన్లు దాన్నే అనుసరిస్తాయి. వేణువు శ్రుతి మార్చలేం కనుక, ఆ శ్రుతికి దగ్గరి వేణువు దొరక్కపోతే ఆ వాద్యం వదిలేయండి. మోరీని కీబోర్డుకు సర్దుకోమనడం పెద్ద తప్పు, దాని గొంతే పోతుంది.

బృందం పెద్దదిగా ఉండనక్కర్లేదు, కోప్లండ్‌కు 13 వాద్యాలు చాలాయి. 4 వయొలిన్లు, కీబోర్డు, మోరీ, ఒక డప్పు, ఒక తుడుము (ఇదీ చర్మవాద్యమే) ఉంటే ఐదు నిమిషాల రచన నిలబడుతుంది. మొదటిసారి మోరీ ఒంటరిగా పాడాలి, కింద ఏమీ వద్దు. రెండోసారి స–ప ఆధారం మాత్రమే. మూడోసారి పాటను వయొలిన్లకు సగం వేగంతో ఇవ్వండి, డప్పు పూర్తిగా ఆగాలి. నాలుగోసారి పాటలోంచి ఒక తునక తీసి రెండు వయొలిన్లు ఒకరి వెనక ఒకరు అందుకోవాలి. డప్పు, తుడుము అందరితో కలిసేది ఐదోసారే. పాట కింద స–గ–ప నిండు కార్డులు పరిస్తే బాణీ సినిమా పాటలా మెత్తబడిపోతుంది, ఆ ఆశ కలిగిన ప్రతిసారీ గాంధారం తీసి చూడండి.

కార్యక్రమం కరపత్రంలో బాణీ ఇచ్చిన కళాకారుల పేర్లు, వారి ఊరు మీ పేరుకన్నా పైన, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. సాధన రోజులకు కూడా కలిపి పారితోషికం ముందే మాట్లాడుకుని, ప్రదర్శన నాడే చేతికివ్వండి.